పని లేకున్నా నిద్రపోని పరికరం: లినక్స్ డ్రైవర్‌లో తప్పు ఎక్కడ?

సమస్య: పరికరంతో ఎవరికీ పని లేదు, అయినా అది బ్యాటరీని తాగుతూ మెలకువగానే ఉంటుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ పరికరాల స్థితిని ఫైళ్లుగా చూపే చోటు) దాని ‘పవర్’ డైరెక్టరీ తెరిస్తే ‘రన్‌టైమ్_స్టేటస్’ ఎప్పుడు చూసినా ‘యాక్టివ్’ అనే చెబుతుంది. బూట్ చేసిన కొత్తలో ఈ ఇబ్బంది ఉండదు. ఎప్పుడో ఒక లోపం ఎదురయ్యాకే మొదలవుతుంది. అసలు కారణం ఆ లోపం దగ్గరే ఉంది.

ముందు అదే డైరెక్టరీలోని ‘కంట్రోల్’ చూడండి. అక్కడ ‘ఆన్’ ఉంటే డ్రైవర్‌ను (ఆ పరికరాన్ని నడిపే కోడ్‌ను) అనుమానించనక్కరలేదు, ‘ఆటో’ అని రాస్తే సరిపోతుంది. అప్పటికే ‘ఆటో’ ఉంటే, పరికరం ప్రస్తుత వాడకం లెక్కను చెప్పే ‘రన్‌టైమ్_యూసేజ్’ చూడండి (అడ్వాన్స్‌డ్ డీబగ్ ఎంపికతో కంపైల్ చేసిన కెర్నెల్‌లోనే ఈ ఫైల్ ఉంటుంది). వాడేవారు లేనప్పుడు అక్కడ సున్నా ఉండాలి. ఒకటో రెండో మిగిలి ఉంటే, పెంచిన లెక్కను ఎవరో తగ్గించలేదన్నమాట.

కారణం: తరచుగా ‘పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్’, అంటే పరికరాన్ని వాడబోయే ముందు దాన్ని లేపడానికి డ్రైవర్ పిలిచే ఫంక్షన్. ఇది పరికరాన్ని లేపబోయే ముందే వాడకం లెక్కను ఒకటి పెంచుతుంది. లేపడం విఫలమైనా ఆ పెంపును వెనక్కి తీసుకోదు. విఫలమైన పని ఏ బాకీ మిగల్చదని అనుకోవడం సహజం. అందుకే అనుభవజ్ఞుల కోడ్‌లోనూ లోపం రాగానే నేరుగా వెనుదిరిగే వరుసలు కనిపిస్తాయి. ఈ తప్పును రాసినవారి అజాగ్రత్తగా నేను చూడను. ఆ ఫంక్షన్ రూపకల్పనే అలా ఉంది.

పరిష్కారం: లినక్స్ 5.10లో చేరిన ‘పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్’ వాడండి. విఫలమైతే లెక్కను తానే తగ్గిస్తుంది, విజయవంతమైతే సున్నా ఇస్తుంది. పాత ఫంక్షన్, పరికరం అప్పటికే మేల్కొని ఉంటే 1 ఇస్తుంది. సున్నా కానిదల్లా లోపమని చూసే డ్రైవర్లు అక్కడ కూడా దారి తప్పుతాయి.

అయితే గుడ్డిగా అన్నిచోట్లా మార్చకండి. లోపపు దారిలో ‘పుట్_నోఐడిల్’ (లెక్కను మాత్రమే తగ్గించే పిలుపు) ముందే ఉంటే దాన్ని తీసేయాలి. ఫలితం చూడకుండా చివర ‘పుట్’ (వాడకం ముగిసిందని లెక్కను తగ్గించేది) పిలిచే చోట, ముఖ్యంగా డ్రైవర్‌ను తొలగించేటప్పుడు నడిచే ‘రిమూవ్’లో, పాతదాన్నే ఉంచాలి. లేకపోతే పెంచని లెక్కను తగ్గించినట్టవుతుంది.

డ్రైవర్‌లో పరికరాన్ని లేపే రిజ్యూమ్ ఫంక్షనే లోపం ఇచ్చి ఉంటే లెక్క సరిచేయడం ఒక్కటే చాలదు. కెర్నెల్ ఆ లోపాన్ని విడిగా గుర్తుంచుకుని తర్వాతి పిలుపులను తిరస్కరిస్తుంది. హార్డ్‌వేర్ నిజస్థితి ఏమిటో తేల్చుకుని, ‘పీఎం_రన్‌టైమ్_సెట్_సస్పెండెడ్’ లేదా ‘సెట్_యాక్టివ్’తో ఆ గుర్తును తుడవాలి.

ఫైల్ తెరిచారు కాబట్టి సస్పెండ్, రిజ్యూమ్ ఫంక్షన్ల చుట్టూ ఉన్న ‘ఇఫ్‌డెఫ్’ (ఫలానా సదుపాయం ఉంటేనే లోపలి కోడ్‌ను కంపైల్ చేయించే) వరుసలనూ తీసేయండి. లినక్స్ 5.17 నుంచి వాటి బదులు ‘డిఫైన్_సింపుల్_డెవ్_పీఎం_ఆప్స్’, ‘పీఎం_స్లీప్_పీటీఆర్’ ఉన్నాయి. వీటితో, నిద్ర సదుపాయం లేని కెర్నెల్‌లోనూ కంపైలర్ ఆ కోడ్‌ను చదివి తప్పులు పట్టుకుంటుంది. ఆ తర్వాతే అవసరం లేనిదాన్ని వదిలేస్తుంది.