పరిశ్రమకు భూమి తీసుకుంటున్నామని నోటిఫికేషన్ వస్తే

ముప్పై ఏళ్లు రెవెన్యూ కార్యాలయంలో గుమస్తాగా ఫైళ్లు కుట్టాను. రైతు ఓడిపోయిన భూసేకరణ ఫైళ్లలో తరచుగా నాకు కనిపించిన లోపం ఒక్కటే: అభ్యంతరాన్ని గ్రామసభలో గట్టిగా అరిచి చెప్పారు, కాగితం మీద పెట్టలేదు.

2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఊరంతా కలిసి ఒకే అర్జీ మీద వేలిముద్రలు వేయడం మనకు అలవాటు. దాంతో సరిపెట్టుకోకండి. ప్రతి పట్టాదారూ సర్వే నంబరు, విస్తీర్ణం, బోరు, చెట్లతో సహా విడిగా రాసి కలెక్టరుకు ఇవ్వాలి. మా పొట్ట కొట్టవద్దని రాస్తే జాలిపడతారు, అంతే. పరిశ్రమకు అంత విస్తీర్ణం ఎందుకు, పక్కన బీడు ఉండగా మాగాణే ఎందుకు అని అడగండి. నన్ను స్వయంగా విచారించాలని చివర రాయండి. రెండో ప్రతి మీద ఇన్వర్డు ముద్ర, తేదీ వేయించుకోనిదే కదలకండి. మా బావమరిది కదిలాడు. ఏడాది తర్వాత చూస్తే ఫైలులో అతని అర్జీయే లేదు. (ఆ ఫైలు కుట్టింది నేను కాదులెండి, వేరే మండలం.)

విచారణ కోసం ఇంత పట్టు ఎందుకంటే, పశ్చిమ బెంగాల్‌లోని సింగూరును చూడండి. కార్ల కర్మాగారానికి 2006లో సేకరించిన 997 ఎకరాల వ్యవహారాన్ని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అది ప్రజా ప్రయోజనమా కాదా అన్న చోట ఇద్దరు న్యాయమూర్తులకూ కుదరలేదు. అభ్యంతరాలను సక్రమంగా విచారించలేదన్న చోట మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. అది పాత 1894 చట్టం కింది సేకరణే అయినా నేర్చుకోవలసింది మారలేదు.

సామాజిక ప్రభావ అంచనా, అంటే సేకరణ వల్ల ఊరి జనం బతుకుల మీద పడే ప్రభావంపై ముందే చేసే అధ్యయనం, జరగలేదన్న వాదన ఒక్కదాన్నే నమ్ముకోకండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చట్టాన్ని సవరించి, పారిశ్రామిక వాడల వంటివాటికి ఆ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకున్నాయి. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి) కదా, పరిహారం ఏమీ రాదని ఎవరైనా అంటే వినకండి. పట్టాదారులతో సమానంగా ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది.

అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు, ప్రకటించేటప్పుడు మీరు అక్కడే ఉంటే, పరిహారం చాలదని అర్జీ పెట్టడానికి ఆరు వారాలే గడువు. డబ్బు తీసుకునే రోజున రసీదు మీద సంతకానికి పైన మీ చేత్తోనే రాయండి: "అభ్యంతరంతో తీసుకుంటున్నాను."