ట్యూబు మార్చాక ఒక చెవిలో చిటపట: ఇంకో జత కొనే ముందు సాకెట్టు చూడండి

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు వానాకాలంలో హెడ్‌ఫోన్ ట్యూబు ఆంప్‌ల (గాజు ట్యూబులతో హెడ్‌ఫోన్‌కి శబ్దం పెంచే పెట్టెల) మీద వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే: "ట్యూబు మార్చాను, వారం రోజులు బ్రహ్మాండం, ఇప్పుడు ఎడమ చెవిలో చిటపట." దానికి దొరికే సలహా కూడా ఒకటే, ఇంకో ట్యూబు కొనమని. అదీ వారం బాగుంటుంది, మళ్ళీ మొదలు. మూడో జతకి వచ్చేసరికి ఆంప్ ధరలో సగం గాజుబుడ్లకే పోతుంది. ఆంప్ విప్పకుండా, పైసా ఖర్చు లేకుండా పది నిమిషాల్లో తేలే విషయం ఇది.

ట్యూబు తిన్నగా పైకి లాగడం, వేడిగా ఉండగా ముట్టుకోకపోవడం, ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ తీసి ఉంచడం లాంటివి తెలిసినవే అనుకుని ముందుకెళ్తున్నాను.

ఒక చెవిలో చిటపట, ఉండుండి శబ్దం తగ్గిపోవడం

ట్యూబు ముట్టుకోకముందు ఆంప్‌లోకి పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి పెట్టండి. చిటపట రెండో చెవిలోకి వెళ్ళిందా, ఆంప్ తప్పు లేదు, డాక్‌దో (డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) వైరుదో. అదే చెవిలో ఉంటే హెడ్‌ఫోన్‌ని ఇంకో దానికి తగిలించి విని, దాని మీద అనుమానం తీర్చుకోండి. ఆ తర్వాతే ట్యూబుల జోలికి వెళ్ళాలి.

లిటిల్ డాట్ మార్క్ 3 లాంటి ఆంప్‌లలో ఒక్కో చానెల్‌కి, అంటే ఒక్కో చెవికి, ఒక డ్రైవరు (సిగ్నల్‌ని ముందు పెంచే ట్యూబు), ఒక పవర్ ట్యూబు (హెడ్‌ఫోన్‌ని నడిపేది) ఉంటాయి. ముందు డ్రైవర్లు రెండూ అటూ ఇటూ మార్చి వినాలి, తేలకపోతే పవర్ ట్యూబులు. నాలుగూ ఒకేసారి కదిపితే ఏ మార్పు వల్ల ఏమైందో ఎవరూ చెప్పలేరు. చిటపట ట్యూబు వెంటే వెళ్తే ట్యూబు పోయింది. ఉన్నచోటే ఉంటే సాకెట్టో, దాని కింది సోల్డరో. ఇంతవరకు అందరూ చెప్పేదే.

మూడో ఫలితం ఒకటుంది: అటూ ఇటూ మార్చగానే చిటపట మాయం. రెండు చెవులూ నిశ్శబ్దం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

మాయమైన చిటపట

ట్యూబు తీసి పెట్టడమంటేనే సాకెట్టుని ఒకసారి శుభ్రం చేసినట్టు. పిన్ను లోపలి రేకుల్ని రాసుకుంటూ దిగుతుంది, పట్టిన పొర గీసుకుపోతుంది, కాంటాక్ట్ కుదురుతుంది. కాబట్టి కొత్త ట్యూబు పెట్టగానే బాగుపడిందంటే, బాగుచేసింది కొత్త ట్యూబే అని కాదు. పాతదాన్నే తీసి పెట్టినా అలాగే బాగుపడేదేమో. తేల్చుకోవడానికి ఒకటే దారి: పాత ట్యూబుని మళ్ళీ అదే సాకెట్లో పెట్టి వినండి. అదీ నిశ్శబ్దంగా ఉంటే తప్పు సాకెట్టుది. చక్కగా పాడుతున్నదాన్ని మళ్ళీ కదపబుద్ధి కాదు గనుక ఈ అడుగు ఎవరూ వేయరు. వేయనివాళ్ళే నెల తిరక్కుండా ఇంకో జత కొంటారు.

డార్క్‌వాయిస్ 336ఎస్ఈ, బాటిల్‌హెడ్ క్రాక్ లాంటి వాటిలో ఒకే డ్రైవరు, ఒకే పవర్ ట్యూబు. ఒక్కో బుడ్డిలో ఒక సగం ఎడమకి, ఇంకో సగం కుడికి పనిచేస్తాయి. అటూ ఇటూ మార్చడానికి జంట ఉండదు. వీటికి ఈ "పాతది మళ్ళీ పెట్టి చూడు" పరీక్ష తప్ప దిక్కు లేదు.

ఇంకో గుర్తు: ఆంప్ ఆన్‌లో ఉండగా, మూత మూసే ఉండగా, ట్యూబు నెత్తిని ఎండిన చెక్క పుల్లతో నెమ్మదిగా ఒక పక్కకి నెట్టండి. తట్టకూడదు. తడితే లోపల వదులైన ట్యూబు కూడా చిటపటమంటుంది, ఏమీ తెలియదు. నెట్టినప్పుడు శబ్దం వచ్చి, వదిలితే పోయిందంటే మాత్రం అది కాంటాక్టో సోల్డరో. చెవులకి ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఈ పని చేయకండి.

సాకెట్టు ఎందుకు పాడవుతుందంటే, ఒకటి గాలి. గోపాలపురం రేవు గాలిలో ఉప్పు ఉంటుంది. గూట్లో పెట్టిన స్టీలు గరిట కూడా మచ్చ పడే ఊళ్ళో ఇత్తడి రేకు మీద పూత ఎంతకాలం నిలుస్తుంది? పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉప్పు లేకపోయినా వానాకాలపు చెమ్మ చాలు. పైగా రోజూ వేడెక్కడం, చల్లారడం, ఆ సాగుడు ముడుపుల్లో పిన్ను రేకు మీద కొంచెం కొంచెం కదులుతూనే ఉంటుంది. రెండోది మనం చేసేది: వారానికో ట్యూబు మార్చడం, లాగేటప్పుడు గుండ్రంగా తిప్పుతూ పీకడం. మూడోది ట్యూబుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చవక అడాప్టర్లు, సాకెట్ సేవర్లు. తొమ్మిది పిన్నుల ట్యూబు పిన్ను లావు సుమారు 1 మి.మీ. కొన్ని అడాప్టర్ల పిన్నులు అంతకన్నా లావు. ఒకసారి అవి దిగి రేకులు విచ్చుకున్నాక అసలు ట్యూబు పిన్ను అందులో వదులుగా ఊగుతుంది. సాకెట్టుని కాపాడడానికి కొన్న వస్తువే సాకెట్టుని చెడగొడుతుంది.

వదులు కాంటాక్ట్ హీటరు (ట్యూబు లోపల వెలిగి వేడెక్కే తీగ) పిన్ను దగ్గర ఉంటే చిటపట కూడా రాదు, శబ్దం నీరసిస్తుంది. 6080 అనే పవర్ ట్యూబు హీటరు 2.5 ఆంపియర్లు లాగుతుంది. అక్కడ 0.1 ఓమ్ అడ్డు ఉన్నా పావు వోల్టు పోతుంది, అర వాటుకి పైగా వేడి ఆ ఒక్క పిన్ను దగ్గరే పుడుతుంది. ట్యూబు తీసి 7, 8 పిన్నులు చూడండి. మిగతావాటికన్నా నల్లగా ఉంటే ఇక వెతకక్కర్లేదు.

బాగుచేయడం ఇలా. మెయిన్స్ వైరు గోడ నుంచి పీకి అరగంట ఆగండి. స్విచ్ ఆపితే చాలదు, కెపాసిటర్లలో 150 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు. ట్యూబు తీసి, మీటరు నల్ల ప్రోబు చాసిస్‌కి (ఆంప్ ఇనుప డబ్బాకి), ఎర్రది ఆనోడ్ (ఎక్కువ వోల్టేజీ అందే పలక) రంధ్రానికి పెట్టి డీసీ చూడండి. 12ఏయూ7, 6డీజే8 రెండింటికీ ఆనోడ్‌లు 1, 6. 6ఎస్‌ఎన్7, 6080లకి 2, 5. సాకెట్టుని పైనుంచి చూస్తే పిన్నులు గడియారం ముల్లుకి ఎదురుగా లెక్కపెట్టాలి. డేటాషీటు బొమ్మ కిందనుంచి చూసినట్టు గీస్తారు, చాలామంది ఇక్కడ తికమక పడతారు. మామూలు ప్రోబు మొన లావు, దాన్ని రంధ్రంలోకి తోస్తే రేకులు ఇంకా విచ్చుకుంటాయి. సూది మొన ప్రోబు వాడండి. 5 వోల్టుల లోపుకి దిగేదాకా చేయి పెట్టొద్దు.

ట్యూబు పిన్నులకి పెన్సిల్ రబ్బరు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ. బంగారు పూత పిన్నులకి రబ్బరు వద్దు, గుడ్డ చాలు. గరుకు కాగితం దేనికీ వద్దు. రంధ్రాలకి మందుల షాపులో దొరికే పళ్ళ సందుల బ్రష్షు, అన్నిటికన్నా సన్నది, ఆల్కహాల్‌లో ముంచి రంధ్రానికి పదిసార్లు. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే పొరపాటున కూడా కొట్టకండి, జిడ్డు దుమ్ముని పట్టుకుని కూర్చుంటుంది.

తర్వాత పట్టు. తొమ్మిది పిన్నుల సాకెట్టైతే 1 మి.మీ. డ్రిల్ బిట్ నున్నటి తోక వైపు ఒక్కో రంధ్రంలో దించి పైకి లాగండి. తొమ్మిదింటిలో ఎనిమిది గట్టిగా పట్టుకుని, ఒకటి గాలిలో దిగినట్టు దిగితే దొంగ దొరికినట్టే. కుట్టుసూదితో ఆ రంధ్రం అంచు నుంచి రేకు వెనక్కి దిగి, మధ్యకి వెంట్రుకవాసి వంచండి. బిట్‌తో మళ్ళీ చూడండి. ఎక్కువ వంచితే రేకు విరుగుతుంది, అప్పుడు సాకెట్టే మార్చాలి. పూర్తిగా ఆరేదాకా గంట ఆగి ఆన్ చేయండి. ఇంత చేసినా పుల్లతో నెట్టితే శబ్దం వస్తుంటే, సాకెట్టు బోర్డు మీదే అతికి ఉన్న ఆంప్‌లలో సోల్డరు చుట్టూ సన్న బీట పడి ఉంటుంది. బోర్డు తీసి తొమ్మిదింటికీ కొత్త సోల్డరు పెట్టించండి.

ట్యూబు వెలగదు, లేదా మరీ ఎక్కువ వెలుగుతుంది

సాకెట్లో కూర్చుంది కదా అని ఆన్ చేసేస్తారు. కాలికి పట్టిన చెప్పల్లా మనది కాదు. 6డీజే8 హీటరు 4, 5 పిన్నుల మధ్య, 6.3 వోల్టులు. 12ఏయూ7కి 4, 5, 9. 9వది మధ్య తీగ. 12ఏయూ7 ఆంప్‌లో 4, 5 కలిపేసి ఉంటే 6డీజే8 అసలు వెలగదు. 4, 5 మధ్య 12.6 వోల్టులు ఇచ్చి ఉంటే నిమిషంలో కాలిపోతుంది. 6డీజే8 బదులు 6ఎన్1పీ పెట్టేవాళ్ళు హీటరు కరెంటు చూడరు: 365 మిల్లీఆంపియర్ల చోట 600. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కిందంటే తప్పు దానిది కాదు. 6ఎన్23పీ అయితే ఈ బాధ లేదు.

12ఏయూ7, 12ఏటీ7, 12ఏఎక్స్7 పిన్నులూ హీటరూ ఒకటే గానీ గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో అది, సుమారు 17, 60, 100. భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. పాత మైకుసెట్లలో ఆ బెల్ ఈసీసీ83 దొరికితే సంబరపడండి, కానీ అది 12ఏఎక్స్7కి యూరప్ పేరు, 12ఏయూ7 బదులు కాదు. డ్రైవరు ఆనోడ్ నేరుగా పవర్ ట్యూబు గ్రిడ్‌కి కలిసే ఆంప్‌లో ఆ మార్పు పవర్ ట్యూబు బయాస్‌నే (అది పనిచేసే వోల్టేజీ అమరికనే) కదిలిస్తుంది.

హమ్

హమ్ అంటే ఆగకుండా గుయ్యిమనే శబ్దం. వాల్యూమ్ సున్నా చేసి ఇన్‌పుట్ వైర్లు పీకండి. హమ్ పోతే అది బయటిది. ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి, చాలాసార్లు అదే. పోకపోతే ట్యూబులో హీటరుకీ, దాని చుట్టూ ఉండే కాథోడ్‌కీ మధ్య లీకు కావచ్చు, ట్యూబు మారిస్తే తెలుస్తుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ తగ్గించుకోవడం మాత్రం వద్దు, చేతికి తగిలేది ఇనుప డబ్బా.

తట్టితే గంట మోగినట్టు

6డీజే8 కుటుంబానికి ఇది కొంత సహజం. బల్ల మీద కీబోర్డు కొట్టినా వినబడితే ఆంప్‌ని వేరే బల్ల మీదికి మార్చండి, లేదా ట్యూబుల కోసమే చేసిన సిలికాన్ రింగులు వేయండి. కుళాయి వాషర్లు వేడికి కరిగి గాజుకి అంటుకుంటాయి.

తక్కువ వాల్యూమ్‌లో పాట ఒక చెవి వైపుకే లాగితే

అది నాబ్ లోపం, ట్యూబుది కాదు. ఎక్కువ గెయిన్ ట్యూబు పెట్టి నాబ్‌ని 9 గంటల దగ్గరే తిప్పుతున్నారు. తక్కువ గెయిన్ ట్యూబు పెట్టండి.

"అబ్బో, భలే తేడా!"

ముందు శబ్దం సమానం చేశారా? గెయిన్ ఎక్కువున్న ట్యూబు బిగ్గరగా ఉంటుంది, బిగ్గర ఎప్పుడూ మెరుగ్గానే వినిపిస్తుంది. ఫోన్లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టులు చూసి, రెండు ట్యూబులకీ ఒక శాతం తేడాలోపు నాబ్‌తో సరిచేశాక పోల్చండి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర చవక మీటర్లు సరిగ్గా చూపవు, అందుకే 200. ఇక 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌ని క్రాక్ లాంటి ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేని) ఆంప్‌కి తగిలించి బాస్ కోసం ట్యూబులు మార్చేవాళ్ళకి ఏ ట్యూబూ సాయం చేయలేదు. దానికి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కావాలి.

అధిక ఫ్రీక్వెన్సీ ఆసిలేషన్ (ఆంప్ తనంతట తానే చెవికి అందని స్థాయిలో మోగడం), ట్యూబులోకి గాలి చేరడం లాంటివి అరుదు. గాలి చేరితే ట్యూబు గాజు లోపలి వెండి మచ్చ తెల్లబడుతుంది, చూడగానే తెలుస్తుంది.

ట్యూబులు ఏడాదికే అలిసిపోతున్నాయంటే మాత్రం రాత్రి పదకొండు దాటాక ప్లగ్గులో వోల్టేజీ కొలవండి. ఊళ్ళో లోడు తగ్గాక పెరుగుతుంది. 220 వోల్టులకి చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుకి 245 వస్తే, రెగ్యులేటరు లేని 6.3 వోల్టుల హీటరుకి 7 అందుతుంది. పది శాతం వరకు, అంటే 6.9 దాకా, ఓర్చుకుంటుంది. అది దాటితే ఆంప్‌కి ముందు మంచి స్టెబిలైజరు పెట్టండి.