కామిక్ కథ సీరియల్‌గా వచ్చినప్పుడు ప్రేక్షకుల అభిప్రాయం రాబట్టడం ఎలా

కామిక్ పుస్తకంగా పేరు తెచ్చుకున్న ఒక అద్భుత కథ తెరకెక్కగానే ప్రేక్షకులు రెండు వర్గాలుగా చీలిపోతారు. పుస్తకం చదివినవారు ప్రతి దృశ్యాన్నీ పేజీతో సరిచూసుకుంటారు; చదవనివారు ఎదురుగా ఉన్నదాన్ని మాత్రమే చూస్తారు. ఈ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి “ఎలా ఉందండీ?” అని అడిగితే, చదివినవారిలో గొంతు పెద్దదైన ఒకరిద్దరి మాటే సభ మొత్తం మాటగా చలామణీ అయిపోతుంది. అమలాపురం, పాలకొల్లు, భీమవరం లాంటి ఊళ్లలో ఏ శాఖా గ్రంథాలయంలోనో, అపార్ట్‌మెంట్ మేడ మీదో ఇలాంటి చర్చ పెట్టుకోవాలనుకునేవారు ఆ ఇబ్బందిని తప్పించుకుంటూ అభిప్రాయాలను ఎలా సేకరించవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణకు ‘ద శాండ్‌మ్యాన్’ను తీసుకుందాం. నీల్ గేమన్ రాయగా పలువురు చిత్రకారులు బొమ్మలు వేసిన ఈ కామిక్ 1989 నుంచి 1996 వరకు 75 సంచికలుగా వెలువడింది. నెట్‌ఫ్లిక్స్ 2022 ఆగస్టు 5న పది ఎపిసోడ్లతో దీన్ని సీరియల్‌గా విడుదల చేసి, అదే నెల 19న మరొక ఎపిసోడ్‌ను జతచేసింది. 2025 జూలైలో వచ్చిన రెండో సీజన్‌తో కథ ముగిసింది. మృత్యువును బంధించబోయిన ఒక మాంత్రికుడు, స్వప్నలోకాన్ని ఏలే డ్రీమ్‌ను పొరపాటున పట్టి గాజుగోళంలో నిర్బంధిస్తాడు. విడుదలయ్యాక డ్రీమ్ తన ఇసుక సంచినీ, శిరస్త్రాణాన్నీ, కెంపునూ వెతుక్కుంటూ బయలుదేరడంతో అసలు కథ మొదలవుతుంది. ముగిసిపోయిన కథ కావడం వల్ల “తర్వాత ఏమవుతుందో చూద్దాం” అని ఎవరూ అభిప్రాయాన్ని దాటవేయలేరు. చర్చకు దీన్ని ఎంచుకోవడానికి నాకున్న మొదటి కారణం ఇదే. మొదటి సీజన్ దాదాపుగా కామిక్‌లోని మొదటి 16 సంచికలకు, అంటే మొదటి రెండు సంపుటాలకు సరిపోతుంది కనుక, చదవదలచినవారికి ఆ రెండు పుస్తకాలు చాలు. ఇది పెద్దల కోసం తీసిన సీరియల్ కాబట్టి పిల్లలను ఈ చర్చలోకి తీసుకురాకూడదు.

సమయం విషయానికి వస్తే, దాళ్వా (రెండో పంట) మాసూళ్లు పూర్తయి, కాలువలు కట్టేసి, సార్వా (తొలకరి పంట) నారుమళ్ల పని ఇంకా అందుకోని మే నెల సాయంత్రాలు మన గోదావరి డెల్టాలో అన్నిటికంటే అనుకూలమైనవి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే లంక గ్రామాలవారు ఇల్లు కదలలేరు. సంక్రాంతికి ఊరంతా నిండుగానే ఉంటుంది కానీ, ఆ మూడు రోజులూ మనిషిని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

సీరియల్‌ను అందరూ ఎవరి ఇంట్లో వారు చూసి రావాలి. ఓటీటీ చందా ఇంటివారు చూసుకోవడానికి ఇచ్చేదే తప్ప, గ్రంథాలయంలో తెర కట్టి పదిమందికీ వేయడానికి ఇచ్చేది కాదు. పైగా ఒంటరిగా చూసినవారి అభిప్రాయం పక్కవారి నవ్వులతోనూ నిట్టూర్పులతోనూ కలగలిసిపోకుండా ఉంటుంది. చూసేముందు వారికి ఒక విషయం చెప్పి ఉంచాలి. ఈ సీరియల్ వచ్చిన కొత్తలో బొమ్మ నిలువుగా సాగినట్టుందని, మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తున్నారని చాలామంది ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. అది లెన్సుల ఎంపికతో కావాలని తెచ్చిన రూపమేనని ఆ తర్వాత వివరణ వచ్చింది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, సగంమంది రిమోట్ పట్టుకుని టీవీ సెట్టింగులు మార్చడంలోనే మొదటి ఎపిసోడ్ గడిపేస్తారు.

సమావేశంలో నోటిమాటకు ముందు కాగితం రావాలి. అందరూ కూర్చోగానే తలా ఒక అరఠావు ఇచ్చి, మాట్లాడుకోకుండా మూడు ప్రశ్నలకు జవాబులు రాయమనండి. మీకు బాగా గుర్తున్న దృశ్యం ఏది, అందులో ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నది మొదటిది. ఎక్కడ ఆపేశారు, లేదా ఎక్కడ చేయి ఫోను మీదికి పోయింది అన్నది రెండోది. పుస్తకం చదివారా అన్న ప్రశ్నను తప్పనిసరిగా చివర పెట్టాలి. ముందే అడిగితే చదివినవారు ప్రేక్షకులుగా కాక పరీక్షాధికారులుగా జవాబులు రాస్తారు. “నచ్చిందా” అన్న ప్రశ్నను అసలు వేయకండి. నచ్చిన సంగతి, నచ్చని సంగతి మొదటి రెండు జవాబుల్లోనే బయటపడుతుంది.

కాగితాలు అందాక చదవనివారితో మాట్లాడించడం మొదలుపెట్టాలి. వీరి మాటల్లో పోలికలు మన పురాణాల నుంచీ మన సినిమాల నుంచీ వస్తాయి. వాటిని తప్పుపట్టకుండా ముందుకు నడిపించడమే నిర్వాహకుడి అసలు పని. ఆరో ఎపిసోడ్‌లో డ్రీమ్ తన అక్క డెత్ (మృత్యువు) వెంట ఒక రోజంతా తిరుగుతాడు. ఆమె వయొలిన్ వాయించే ఒక ముసలాయన దగ్గరకు వెళుతుంది, ఊయలలోని పసిబిడ్డ దగ్గరకూ వెళుతుంది. మా చర్చకు వచ్చిన ఒక పెద్దావిడ ఈ దృశ్యం గురించి ఇలా రాశారు: “దున్నపోతు లేదు, పాశం లేదు, కేకలు లేవు. పక్కింటి ఆడపిల్ల వచ్చి, పదండి తాతగారూ అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయినట్టుంది. భయం వెయ్యలేదు, అదే భయంగా ఉంది.” కైకాల సత్యనారాయణ గారి యముణ్ణి చూసి పెరిగిన మనిషికి తప్ప ఈ తేడా ఇంత సూటిగా తట్టదు. ఆవిడే ఆ తర్వాత “మరి చిత్రగుప్తుడి లెక్కలు ఎవరు చూస్తారండీ?” అని అడిగారు. అది అమాయకమైన ప్రశ్నలా వినిపించినా, జవాబు కథలోనే ఉంది. డ్రీమ్ తోబుట్టువుల్లో అందరికంటే పెద్దవాడైన డెస్టినీ (విధి), సర్వమూ రాసి ఉన్న పుస్తకాన్ని చేతికి గొలుసుతో కట్టుకుని తిరుగుతాడు. అతను కుటుంబాన్ని పిలిపించడంతోనే రెండో సీజన్ కథ కదులుతుంది. కాబట్టి ఇలాంటి పోలిక వచ్చినప్పుడు “ఇది మన యముడి కథ కాదండీ” అని కొట్టిపారేయకుండా, “ఆ పోలికలో మీకు ఏది కలిసింది, ఏది కలవలేదు?” అని అడగాలి.

చదివినవారి వంతు వచ్చినప్పుడు పని కొంచెం కష్టమవుతుంది. “పుస్తకంలో ఇలా లేదు” అన్న మాట అభిప్రాయం కాదు, సమాచారం మాత్రమే. దాన్ని అభిప్రాయంగా మార్చడానికి పేజీనే ముందు పెట్టుకోవాలి. నరసాపురంలో పుట్టిన బాపు గారు సినిమా తీయబోయే ముందు షాట్లను బొమ్మలుగా వేసుకునేవారన్న సంగతి మన వైపు చాలామందికి తెలుసు కనుక, కామిక్‌లోని బొమ్మల గడి నుంచి సినిమా షాట్‌కు ప్రయాణం ఎలా ఉంటుందో వివరించడానికి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. తర్వాత కామిక్‌లో ఒక పేజీ తెరిచి, పక్కపక్కనే ఉన్న రెండు గడులను చూపించి, ఈ గడికీ ఆ గడికీ మధ్య ఏం జరిగిందో చెప్పమనండి. ఒకరు నిశ్శబ్దం అంటారు, ఒకరు అడుగుల చప్పుడు అంటారు, ఒకరు చాలాసేపు గడిచిందంటారు. ఆ ఖాళీని పాఠకుడు తన ఇష్టప్రకారం నింపుకున్నాడు. సీరియల్ దాన్ని కొన్ని క్షణాల లెక్కకు కట్టేసింది. “సాగదీశారు” అన్న ఫిర్యాదుకూ, “తొందరపడ్డారు” అన్న ఫిర్యాదుకూ చాలాసార్లు మూలం ఇదే.

గొంతు సంగతీ అంతే. కామిక్‌లో డ్రీమ్ మాటలు మిగతా పాత్రల మాటల్లాగా తెల్లటి బుడగల్లో ఉండవు. అంచులు వంకరలు పోయిన నల్లటి బుడగల్లో తెల్లటి అక్షరాలతో ఉంటాయి. టాడ్ క్లైన్ చేసిన ఈ అక్షర రచనను చూసిన ప్రతి పాఠకుడూ తన మనసులో ఒక గొంతును తయారుచేసుకున్నాడు. తెర మీద టామ్ స్టరిడ్జ్ మంద్రంగా, ఇంచుమించు గుసగుసగా పలకగానే “డ్రీమ్ ఇలా మాట్లాడడు” అంటారు. అప్పుడు వారిని అడగవలసింది ఒక్కటే: “మీకు ఎలా వినిపించేవాడు?” జవాబు చెప్పడానికి తడుముకుంటారు, కానీ చెబుతారు, ఆ జవాబే మీరు రాసుకోవలసిన అసలైన స్పందన.

కథలో చేసిన మార్పుల గురించి అడిగేటప్పుడు, మార్పు మంచిదా చెడ్డదా అని కాకుండా, దాని వల్ల తర్వాతి కథలో ఏం మారిందని అడగాలి. దీనికి నాలుగో ఎపిసోడ్‌లో శిరస్త్రాణం కోసం నరకంలో జరిగే ద్వంద్వయుద్ధం బాగా పనికొస్తుంది. ఒకరు తోడేలునంటే మరొకరు వేటగాణ్ణంటారు, ఒకరు లోకమైతే మరొకరు లోకాన్ని కాల్చే విస్ఫోటనమవుతారు, చివరికి సర్వజీవ వినాశనానికి డ్రీమ్ ఆశతో బదులిచ్చి గెలుస్తాడు. ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం వేసే పౌరాణికాలు చూసినవారికి ఈ పోటీ నియమాలు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కామిక్‌లో డ్రీమ్ తలపడేది కొరంజన్ అనే ఒక పిశాచంతో. సీరియల్‌లో ఆ పిశాచం తరఫున నరకాన్ని ఏలే లూసిఫరే స్వయంగా బరిలోకి దిగుతుంది. చదివినవారిలో కొందరికి ఇది రుచించదు, చిన్న పిశాచం చేతిలో శిరస్త్రాణం చిక్కడంలో ఉన్న వెటకారం పోయిందంటారు. అయితే నరకాధిపతే ఓడిపోవడం వల్ల ఆమె పగకు ప్రేక్షకుడి కళ్లెదుటే ఒక కారణం ఏర్పడింది. ఈ మార్పు వల్ల కథ లాభపడిందనే నా అభిప్రాయం. అయినా నిర్వాహకుడు తన అభిప్రాయాన్ని అందరూ మాట్లాడాకే బయటపెట్టాలి.

పాత్రధారుల ఎంపిక మీద వచ్చే వాదాన్ని విడిగా చూసుకోవాలి. కామిక్‌లో డెత్ సున్నంలాంటి తెల్లని ఒంటిరంగుతో ఉండే యువతి. సీరియల్‌లో ఆ పాత్రను నల్లజాతి నటి కర్బీ హొవెల్-బాప్టిస్ట్ పోషించారు. పుస్తకంలోని గ్రంథపాలకుడు లూసియన్ తెర మీద స్త్రీపాత్ర అయ్యాడు. ఈ ఎంపికలపై సీరియల్ రాకముందే అభ్యంతరాలు వినిపించాయి. ఆ బొమ్మల్లోని తెలుపు ఏ మనిషి ఒంటిరంగూ కాదు కనుక ఆ అభ్యంతరంలో నాకు పస కనిపించదు, కానీ చర్చకు వచ్చినవారిలో ఎవరైనా ఆ మాట అంటే నోరు నొక్కకూడదు. చూడకముందు ఏమనుకున్నారో, ఆరో ఎపిసోడ్ చూశాక ఏమనుకున్నారో వేర్వేరుగా రాయించండి. రెండూ ఒకటే అయితే అదీ నమోదు చేయవలసిన విషయమే.

గ్రాఫిక్స్ గురించి మాత్రం ఎక్కువ సమయం ఇవ్వకండి. పాలకొల్లువాసి కోడి రామకృష్ణ గారి ‘అమ్మోరు’, ‘అరుంధతి’ చూసినవారు ఈ విషయంలో ఎవరికీ తీసిపోని విమర్శకులు, అవకాశమిస్తే సాయంత్రమంతా దాని మీదే గడిచిపోతుంది.

నమోదు చేసేటప్పుడు అన్నవారి మాటను అన్నట్టే రాయాలి. “ఆయ్, అదేం లేదండి, ఆ కాకి చచ్చిపోయినప్పుడు మాత్రం కళ్లనీళ్లొచ్చేశాయి” అన్న వాక్యాన్ని “భావోద్వేగ సన్నివేశాలు ఆకట్టుకున్నాయి” అని శుద్ధి చేస్తే మిగిలేది ఏమీ ఉండదు. పేర్లు రాయకుండా వయసు, చదివినవారా కారా, ఎన్ని ఎపిసోడ్లు చూశారన్న వివరాలు మాత్రం పక్కన వేసుకోండి. పన్నెండుమంది మాటలను శాతాల్లోకి మార్చవద్దు.

ఇక మిగిలినది, సమావేశానికి రానివారి లెక్క. ఒక భోజనశాలలో చిక్కుకున్న మనుషులు ఒకరినొకరు హింసించుకునే ఐదో ఎపిసోడ్ దగ్గర కొందరు చూడటం మానేస్తారు. మానేసినవారు చర్చకూ రారు. కాబట్టి వస్తామని చెప్పి రానివారికి మరునాడు ఫోన్ చేసి, ఎక్కడ ఆపారో, ఆ క్షణంలో తెర మీద ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోండి. తిరిగి చూడమని మాత్రం బతిమాలవద్దు. వారి జవాబులకు కూడా తలా ఒక అరఠావు కేటాయించి, మిగతా కాగితాలకంటే పైన పెట్టి కుట్టండి.