అండర్‌స్టీర్ తగ్గాలంటే సస్పెన్షన్‌లో ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత

స్టీరింగ్ తిప్పారు, చాలక ఇంకొంచెం తిప్పారు, అయినా కారు లోపలికి రాకుండా ముందు టైర్లు కీచుమంటూ బయటి అంచు వైపుకే పోతున్నాయి, ఇదే అండర్‌స్టీర్. కార్ల కంపెనీలు దీన్ని కొంచెం కావాలనే ఉంచుతాయి, ఎందుకంటే వెనక భాగం గిర్రున తిరిగిపోయే కారు కన్నా ముందుకి జారే కారుని మామూలు డ్రైవర్ తేలిగ్గా కంట్రోల్ చేసుకుంటాడు. ట్రాక్ మీద మాత్రం ఇది పెద్ద తలనొప్పి, టైమ్ పోతుంది, ముందు టైర్ల బయటి అంచులు రెండు మూడు సెషన్లకే అరిగి నున్నగా అయిపోతాయి.

చాలామంది వెంటనే లావుపాటి వెనక బార్ (మలుపులో కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల్ని కలిపే యాంటీ రోల్ బార్) ఆర్డర్ పెట్టేస్తారు. కాస్త ఆగండి. మలుపులో ఎక్కడ జారుతోందో ముందు కనిపెట్టండి, బ్రేక్ వదిలి లోపలికి తిప్పేటప్పుడా, మధ్యలో కారు ఒకే స్పీడ్ మీద ఉన్నప్పుడా, యాక్సిలరేటర్ తొక్కి బయటికి వచ్చేటప్పుడా. మూడింటికీ మందు వేరు. ఒకే మలుపు, ఒకే స్పీడ్, నాలుగైదు సార్లు తిరిగి చూడండి, అదీ ట్రాక్ మీదే, రోడ్డు మీద ఈ ప్రయోగాలు అస్సలు వద్దు. లోపలికి తిప్పేటప్పుడు మాత్రమే జారుతుంటే స్పీడ్ ఎక్కువై ఉండొచ్చు, 5 కిలోమీటర్లు తగ్గించి వెళ్తే పోతే సస్పెన్షన్‌ని ముట్టుకోనక్కర్లేదు.

దీని వెనక లెక్క ఒక్కటే. టైరు మీద బరువు రెట్టింపు అయినంత మాత్రాన గ్రిప్ రెట్టింపు అవదు, తక్కువే పెరుగుతుంది. మలుపులో బరువు బయటి వైపుకి పోతుంది కదా, ముందు వైపు ఆ భారమంతా బయటి టైరు ఒక్కదాని మీదే పడితే, రెండు టైర్లూ పంచుకున్నప్పుడు వచ్చే గ్రిప్ కన్నా తక్కువ వస్తుంది. ఆ ఒక్క టైరు మీద పని ఎలా తగ్గించాలి, అది రోడ్డుకి పూర్తిగా ఎలా ఆనాలి, మనం చేసేదంతా ఇందుకోసమే.

ఖర్చు లేనిదాంతో మొదలుపెట్టండి, అంటే గాలి. చాక్‌పీస్ తీసుకుని ముందు టైరు ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ మీదకి మూడు చోట్ల గీత గీయండి, మూడు ల్యాప్‌లు కొట్టి రండి. గీత పక్క గోడ మీద బాగా కిందిదాకా చెరిగిపోతే టైరు పక్కకి ఒరిగిపోతోందన్నమాట, గాలి 2 పీఎస్‌ఐ పెంచండి. అంచు దగ్గర గీత అసలు చెరగకపోతే 2 తగ్గించండి. కొలిచేది మాత్రం ట్రాక్ నుంచి రాగానే, టైరు వేడిగా ఉన్నప్పుడే.

తర్వాత క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం వాలి ఉండే కోణం, పై భాగం లోపలికి వాలితే మైనస్. నా ఉద్దేశంలో డబ్బు పెడితే ముందు పెట్టాల్సింది దీనిమీదే. ఫ్యాక్టరీ నుంచి చాలా కార్లు 0 నుంచి మైనస్ 1 డిగ్రీ మధ్యలో వస్తాయి, మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు కడ్డీగా ఉండే సస్పెన్షన్) ఉన్న కారు ఒరిగినప్పుడు అది కూడా సరిపోక బయటి టైరు భుజం మీద నడుస్తుంది. క్యాంబర్ బోల్టులో, క్యాంబర్ ప్లేట్లో వేయించి ముందు చక్రాలకి మైనస్ 2.5 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. సరిపోయిందో లేదో టైరే చెబుతుంది, రాగానే ట్రెడ్‌లోకి గుచ్చే థర్మామీటర్‌తో లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలవండి, లోపలి అంచు 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటే బాగున్నట్టే, బయటి అంచే వేడిగా ఉంటే ఇంకా కావాలని. క్యాంబర్ మారిస్తే టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారిపోతుంది కాబట్టి అలైన్‌మెంట్‌లో ఎత్తు, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వాలు), క్యాంబర్, చివర్లో టో, ఈ వరుస తప్పకూడదు. ముందు చక్రాల టో సున్నా, లేదా మొత్తం 1 మిల్లీమీటర్ బయటికి, అంతకన్నా ఎక్కువ పెడితే తిన్నటి రోడ్డు మీద కారు అటూ ఇటూ లాగుతుంది.

కారుని బాగా కిందికి దించినవాళ్లు ఇంకోటి చూడాలి. నా కారుకి పొట్టి స్ప్రింగులు వేశాక మలుపు మధ్యలో ఉన్నట్టుండి ముందు భాగం వదిలేసేది, ఎన్నాళ్లో అర్థం కాలేదు. చివరికి షాక్ అబ్జార్బర్ రాడ్‌కి ఒక జిప్ టై బిగించి ట్రాక్ మీద తిప్పి చూస్తే, అది పైకి జరిగి బంప్ స్టాప్‌కి అతుక్కుని కూర్చుంది. అంటే స్ప్రింగ్ ప్రయాణం అయిపోయి కారు రబ్బరు ముక్క మీద నిలబడుతోంది, అప్పుడు ముందు భాగం ఒక్కసారిగా బండలా గట్టిపడుతుంది, గ్రిప్ పోతుంది. 15 మిల్లీమీటర్లు పైకి లేపాను, వేరే ఏదీ మార్చకుండానే సగం తగ్గింది.

ఇవన్నీ అయ్యాక బార్లు. సూత్రం తేలికే, ముందు మెత్తన చేయండి లేదా వెనక గట్టిపరచండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే వెనక గట్టిపరచడమే మేలు, స్ట్రట్ కారుకి ముందు బార్ మరీ మెత్తనైతే ఎక్కువ ఒరిగి కష్టపడి తెచ్చుకున్న క్యాంబర్ పోతుంది, వెనక లోపలి చక్రం కొంచెం గాల్లోకి లేచినా కంగారు పడకండి. రియర్ వీల్ డ్రైవ్‌లో వెనక గట్టిపరిస్తే యాక్సిలరేటర్ తొక్కగానే లోపలి చక్రం ఉత్తినే తిరుగుతుంది, అక్కడ ముందు బార్ మెత్తన చేయడమే మంచిది. సైజు విషయంలో తొందర పడొద్దు, బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, 22 మిల్లీమీటర్ల బార్ తీసి 24 వేస్తే చూడ్డానికి 2 మిల్లీమీటర్లే కానీ దాదాపు 42 శాతం గట్టిపడినట్టు.

డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) గట్టిదనం మార్చే నాబ్ క్లిక్కులు ఆఖర్న. కారు కదులుతున్నప్పుడే వాటి పని, స్టెడీగా ఉన్న మలుపు మధ్యలో అవి పెద్దగా ఏం చేయవు. లోపలికి తిప్పేటప్పుడు బద్ధకంగా ఉంటే ముందు డ్యాంపర్ల బంప్ (నొక్కుకునేటప్పుడు ఇచ్చే నిరోధం) రెండు క్లిక్కులు తగ్గించండి, బయటికి వచ్చేటప్పుడు జారుతుంటే వెనక బంప్ రెండు పెంచండి, వెనక్కి కూర్చోవడం నెమ్మదిస్తుంది. ఏదైనా ఒక్కసారికి ఒక్కటే మార్చి, గాలి, టెంపరేచర్‌తో సహా పుస్తకంలో రాసుకోండి, రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో తేలదు.

వెనక గట్టిపరిచిన కారులో మలుపు మధ్యలో యాక్సిలరేటర్ టక్కున వదిలితే వెనక భాగం బయటికి వస్తుంది, తడి రోడ్డు మీద ఇది చాలా డేంజర్. అడ్జస్టబుల్ బార్ అయితే వాన మొదలవగానే లింక్‌ని చివరి రంధ్రంలోకి మార్చేయండి, అదే మెత్తటి సెట్టింగ్, రెండు వైపులా ఒకే రంధ్రంలో ఉందో లేదో చూసుకుని నట్లు బిగించాకే బయల్దేరండి.