చెన్నైలో మడ చెట్లు చూడాలంటే

మాది కోరంగి దగ్గర పల్లె. పుట్టింది మడ (సముద్రపు ఉప్పునీటి బురదలో పెరిగే మాంగ్రోవ్ చెట్లు) పక్కన, ఉంటున్నది తిరువాన్మియూర్‌లో. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని వెంటేసుకుని అడయార్ నది సముద్రంలో కలిసే ముఖద్వారం వైపు వెళ్తుంటాను. "బీచ్ ఉండగా ఈ బురద ఎందుకండీ" అంటూనే వాళ్ల అమ్మానాన్నలూ వస్తారు. చూడాలని మీకూ ఉంటే ఇలా చేయండి.

బయల్దేరే ముందు ఫోన్‌లో చెన్నై పోటు వేళలు చూసుకోండి. ఇక్కడ రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు తీయడం). ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి పోయిన వారం చూసింది ఈ వారం పనికిరాదు. పోటు మీద వెళ్తే నీళ్లలో మునిగిన కొమ్మలు తప్ప ఏమీ కనపడదు. పాటుకు ఓ గంట ముందే చేరండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఇంకా బాగా తీస్తుంది, ఆ సంగతి గోడ మీది క్యాలెండర్ చెబుతుంది.

తొలిసారికి తిరు.వి.క. వంతెన చాలు. ఆంధ్ర మహిళా సభ ఉన్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు దాటగానే వచ్చేది అదే. తూర్పు వైపు నిలబడండి. కుడిచేతి పక్క ఎత్తుగా కనిపించే తోట థియసాఫికల్ సొసైటీది, అందులో ఉన్నవి మడలు కావు. నది ఒడ్డున పచ్చగా ఉన్న ప్రతిదీ మడ అనుకోవద్దు. ముళ్లుంటే అది సర్కారు తుమ్మ, నీటి మీద తేలుతుంటే గుర్రపుడెక్క. బురదలోనే కాళ్లు పెట్టుకుని నీటి అంచున గుబురుగా పెరిగిన వాటి కోసం చూడండి. బైనాక్యులర్స్ ఉంటే మంచిది.

దగ్గరగా చూడాలంటే ఉత్తరపు ఒడ్డున అడయార్ పూంగా (పార్కు) ఉంది. ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి పంపరు, ముందే కనుక్కుని వెళ్లండి. నగరంలో మీకు ఎక్కువగా తగిలేది తెల్ల మడ. ఒక ఆకు పట్టుకుని తిప్పి చూడండి. పైన నున్నగా ముదురు ఆకుపచ్చ, కింద బూడిద తెలుపు. వాన లేని రోజు పొద్దున్నే వెళ్తే ఆకు మీద సన్నటి పలుకులు మెరుస్తుంటాయి. అది ఉప్పు. వేళ్లు పీల్చిన నీటితో లోపలికి వచ్చిన ఉప్పును ఈ చెట్టు ఆకుల్లోని గ్రంథుల నుంచి బయటికి తోసేస్తుంది. చిన్నప్పుడు మేం ఆకు నాకి చూసేవాళ్లం. అడయార్‌లో ఆ పని చేయకండి, ఆ నీళ్లలో ఏమేం కలుస్తాయో మీకు తెలుసు కదా. వేలితో రుద్దితే గరుకు తెలుస్తుంది, అంతే చాలు.

ఇప్పుడు చెట్టు మొదట్లో చూడండి. జానెడు పొడవు, వేలెడు మందం ఉన్న పుల్లలు బురదలోంచి నిటారుగా లేచి ఉంటాయి. పిల్లలు వాటిని మొలకలనుకుంటారు. అవి వేళ్లే. మడ బురదలో గాలి ఆడదు, కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది అందుకే. భూమిలో పడుకున్న పెద్ద వేళ్లు ఊపిరి కోసం ఈ పుల్లల్ని పైకి పంపుతాయి. పుల్ల మీద చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి, గాలి లోపలికి వెళ్లేది వాటి గుండానే. వాటి మీద కాలు పెడితే విరుగుతాయి, కాబట్టి ఫొటో కోసం బురదలోకి దిగొద్దు.

ఓ పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి (పిల్లలతో కష్టమే, ఫోన్ ఇవ్వకుండా ఇంకా కష్టం). కన్నాల్లోంచి పీతలు బయటికొస్తాయి. కొన్నిట్లో మగవాటికి ఒక చెయ్యి ఒంటికి మించి పెద్దగా ఉంటుంది, దాన్ని ఊపుతుంటాయి. బురద మీద గెంతే చేప కూడా కనిపించవచ్చు. రాలిన ఆకుని పీతలు చింపుతాయి, మిగతాది కుళ్లి రొయ్య పిల్లలకూ చేప పిల్లలకూ మేత అవుతుంది. మనం కిలోల్లెక్కన కొనే రొయ్యల్లో కొన్ని రకాలు చిన్నతనంలో పెరిగేది ఇలాంటి నీళ్లలోనే.

వేసవిలో అడయార్ ముఖద్వారానికి ఇసుక అడ్డం పడుతుంటుంది. అప్పుడు పోటు లోపలికి రాదు, మడకు అదే పెద్ద దెబ్బ. పిచ్చావరం మడ అడవిలో ఇంకో రకంగా జరిగింది. ఒకప్పుడు చెట్లు నరికేసిన చోట నేల కుంగింది, నీరు నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. తరమణిలోని స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు, అటవీశాఖ కలిసి అక్కడ కాలువలు తవ్వి పోటు నీటిని లోపలికి రప్పించారు. మడ తిరిగి లేచింది.

ఆ పిచ్చావరం చెన్నై నుంచి సుమారు 220 కిలోమీటర్లు, చిదంబరం దగ్గర. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. మోటారు పడవ వద్దు, తెడ్డు పడవే అడగండి. చప్పుడు ఉండదు, సన్న కాలువల్లోకీ వెళ్తుంది. అక్కడ ఉప్పు పొన్న అనే ఇంకో మడ రకం చూడాలి. కాండం నుంచి వేళ్లు వంపు తిరిగి నీళ్లలోకి దిగుతాయి. గింజ చెట్టు మీద ఉండగానే మొలిచి మునక్కాయలా వేలాడుతుంది. తిల్ల చెట్టు కనిపిస్తే దూరం నుంచే దండం పెట్టండి. చిదంబరం గుడికి అది స్థలవృక్షమే, కానీ దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లల్ని కొమ్మ విరవనివ్వకండి.

ఇంకో మాట. 2021 అటవీ నివేదిక ప్రకారం తమిళనాడులో మడ 45 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రలో 405. అది చూసి ఇక్కడ మడ నాటే కార్యక్రమాలకు పిలుస్తుంటారు. వెళ్లేముందు మూడు అడగండి. అక్కడికి రోజూ పోటు వస్తుందా? ఇంతకుముందు అక్కడ మడ ఉండేదా? నాటాక చూసేది ఎవరు? ఖాళీగా కనిపించే బురద మేట మీద కొంగలూ ఉల్లంకి పిట్టలూ మేస్తుంటే అది ఖాళీ స్థలం కాదు, అక్కడ నాటొద్దని చెప్పండి. దోమల మందు మర్చిపోవద్దు.