ఎత్తు రోడ్డు మీద ఆగిపోయే డీజిల్ జోంగా: లక్షణం, కారణం, పరిష్కారం

సైన్యం వేలంలో కొన్న జోంగాను (సైన్యం వాడిన జీపు లాంటి బండి) పూర్తిగా విప్పి, ఛాసిస్ తుప్పు గీకించి, ఇంజను మార్చి, లద్దాఖ్ వరకు నడపాలని సిద్ధం చేసుకొనేవారిలో చాలామంది ఒకే ఫిర్యాదుతో వస్తారు. ఊళ్లో నిక్షేపంగా నడిచిన బండి కొండ రోడ్డు మీద ఆగిపోతుంది. ఫిల్టర్లు మార్చడం, ఇంధన మార్గంలో చేరిన గాలి తీయడం మీకు తెలుసన్న నమ్మకంతోనే రాస్తున్నాను. అవి రాకపోతే ముందు నేర్చుకొని, ఆ తరువాతే ప్రయాణం సంగతి ఆలోచించండి.

జబల్‌పూర్ వాహన కర్మాగారంలో తయారైన జోంగాకు మూలం నిస్సాన్ పట్రోల్. ఈ పట్రోల్‌కూ బంకులో పోసే పెట్రోల్‌కూ సంబంధం లేదు కానీ, బండిలో మొదట ఉన్నది ఆరు సిలిండర్ల, దాదాపు 4 లీటర్ల పెట్రోల్ ఇంజనే. దాని దాహాన్ని భరించలేక ఎక్కువమంది డీజిల్ ఇంజను ఎక్కిస్తారు. ఇంజను మారుతుంది, గేర్‌బాక్సు మారుతుంది, ఆర్‌సీలో కూడా మార్పు నమోదవుతుంది (నమోదు చేయించనివారు దారిలోని ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఆ సుఖం అనుభవిస్తారు). ట్యాంకు మాత్రం పాతదే ఉండిపోతుంది. ఇక్కడ చెప్పబోయే తంటా అంతా ఆ ట్యాంకు చుట్టూనే తిరుగుతుంది.

లక్షణం

చదును రోడ్డు మీద లోపమేమీ కనిపించదు. ఎగువకు రెండో గేరులో పది నిమిషాలు లాగిన తరువాత ఇంజను బలం తగ్గుతుంది, యాక్సిలరేటరు ఎంత తొక్కినా స్పందించదు, చివరికి రెండు మూడు కుదుపులతో ఆగిపోతుంది. ఆగే ముందు నల్ల పొగ రాదు. బానెట్ ఎత్తి, అరగంట ఆగి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి ఇంధనాన్ని లాగి ఇంజను వైపు పంపేది) చేతి మీటను పాతికసార్లు కొడితే మళ్లీ స్టార్టవుతుంది. అరగంట విశ్రాంతి తరువాత నడిచింది కనుక వేడెక్కడమే కారణమని అందరూ తేల్చేసి రేడియేటరు మీద పడతారు. బండిని నడిపించింది ఆ విశ్రాంతి కాదు, మీరు కొట్టిన పాతిక దెబ్బలు. అంటే ఇంజనుకు డీజిల్ అందలేదని అర్థం.

నల్ల పొగ వస్తూ, బలం తగ్గినా ఆగకుండా నడుస్తుంటే అది వేరే సంగతి. ఎత్తులో గాలి పలచబడినప్పుడు టర్బో (గాలిని ఒత్తి ఇంజనులోకి పంపేది) లేని పాత డీజిల్ ఇంజను అలాగే పొగ చిమ్ముతుంది. దాన్ని జబ్బుగా లెక్కించనక్కర లేదు.

మొదట చూడవలసింది

బండి ఆగిన మరుక్షణం ట్యాంకు మూత తిప్పండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకు ఊపిరి రంధ్రం లేదు, లేదా అది మట్టితో పూడిపోయింది. ఖర్చయిన డీజిల్ స్థానంలోకి గాలి చేరకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు ఎంత లాగినా ఇంధనం కదలదు. అసలు మూత పోయిందని బజారులో దొరికిన మూత బిగించిన ప్రతి బండిలోనూ ముందు నేను అనుమానించేది దీన్నే. ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు. అయినా సిలిండర్లకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు విప్పి కాలిబ్రేషన్‌కు (కొలతలు సరిచేయడానికి) పంపి, నాజిళ్లు మార్చి, వేలకు వేలు పోసిన తరువాత నా దగ్గరకు వచ్చినవారిని మూత తిప్పి చూశారా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

రెండోది రిటర్ను పైపు. కార్బురేటరు ఉన్న పాత పెట్రోల్ బండికి ట్యాంకు నుంచి ఒక్క పైపు వస్తే చాలు, కానీ డీజిల్ ఇంజను వాడగా మిగిలిన ఇంధనాన్ని వెనక్కి పంపుతుంది. ట్యాంకుకు రెండో రంధ్రం పెట్టడానికి బద్ధకించి ఆ రిటర్నును ఫిల్టరు ముందే కలిపేసే పద్ధతి ఒకటుంది. అలా కలిపితే ట్యాంకులోకి పోయి విడిపోవలసిన గాలి బుడగలు అక్కడక్కడే తిరుగుతాయి. రిటర్ను తప్పనిసరిగా ట్యాంకులోకే పోవాలి.

ఈ రెండూ సరిగా ఉండి, ఫిల్టరులో తుప్పు బురద లేకపోతేనే ముందుకు చదవండి.

లోపం ట్యాంకు వైపా, ఇంజను వైపా

అయిదు లీటర్ల క్యాను నిండా శుభ్రమైన డీజిల్ పోసి, ముందు సీటు కింద కదలకుండా కట్టండి. ఫీడ్ పంపుకు వచ్చే పైపును విప్పి, వేరే హోసుతో ఈ క్యాను నుంచి ఇవ్వండి. రిటర్నును కూడా క్యానులోకే మళ్లించి, బండి ఆగిన అదే ఎత్తు మీద మళ్లీ నడపండి. క్యాను పంపు కన్నా కిందే ఉండాలన్నది ముఖ్యం. బానెట్ మీద వేలాడదీస్తే డీజిల్ తనంతట తానే దిగుతుంది కనుక, చచ్చిన పంపు కూడా పరీక్షలో నెగ్గుతుంది.

క్యానుతో కూడా ఆగిపోతే ఫీడ్ పంపు డయాఫ్రం, వాల్వులు చూడండి. ఆగకపోతే లోపం వెనుక ఉంది. వెనుక అంటే అందరూ చూసేది హోసు క్లిప్పులు, బాంజో బోల్టుల (ఇంధనం తమ గుండా పారే బోలు బోల్టుల) రాగి వాషర్లు. అవి మార్చవలసిందే, కొత్త రాగి వాషరు ఖరీదు టీ కప్పు కన్నా ఎక్కువ కాదు. కానీ నన్ను రెండు రోజులు రోడ్డు మీద కూర్చోబెట్టింది అవి కావు.

ట్యాంకు లోపలి సక్షన్ పైపు

ట్యాంకు పైభాగంలో బిగించిన పళ్లెం నుంచి ఒక సన్నని ఉక్కు పైపు అడుగు దాకా దిగుతుంది, ఇంధనాన్ని పైకి తెచ్చేది అదే. వేలానికి ముందు ఈ బండ్లు ఏళ్ల తరబడి సగం ట్యాంకుతో ఎండలో, వానలో నిలబడి ఉంటాయి. ఇంధనంలో మునిగిన భాగం బాగానే ఉంటుంది, దానికి పైన ఖాళీలో ఉన్న భాగానికి రాత్రి చెమ్మ పట్టి, పగలు ఆరి, లోపలి నుంచి తుప్పు తింటుంది. చివరకు ఆ భాగంలో ఎక్కడో ఒకచోట సూదిమొనంత రంధ్రం పడుతుంది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ రంధ్రం డీజిల్‌లో మునిగి ఉంటుంది కనుక దాని గుండా వచ్చేదీ డీజిలే, ఇంజనుకు తేడా తెలియదు. మట్టం రంధ్రం కిందికి దిగితే అదే దారిలో గాలి వస్తుంది. పైపు లోపల పీడనం బయటి కన్నా తక్కువ కాబట్టి చుక్క డీజిల్ కూడా బయట కారదు, ట్యాంకు కింద పడుకొని టార్చి వేసి వెతికినా తడి కనిపించదు. చదును మీద నెమ్మదిగా నడిపితే ఆ కాస్త గాలిని ఇంజను ఓర్చుకుంటుంది. ఎగువకు పూర్తి బరువుతో లాగినప్పుడు పంపు ఎక్కువ ఇంధనం పీలుస్తుంది, పీల్పు పెరిగిన కొద్దీ గాలీ పెరుగుతుంది, అదంతా ఫిల్టరు పైభాగంలో పోగుపడి ఒక దశలో ఇంజనును ఆపేస్తుంది.

దీనికి ఎత్తు తోడవుతుంది. 5,000 మీటర్ల దగ్గర వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. ఇంధనాన్ని పంపు వైపు నెట్టేది ఆ పీడనమే కనుక నెట్టే బలం తగ్గుతుంది, లోపలికి చేరిన బుడగ దాదాపు రెట్టింపు పరిమాణానికి ఉబ్బుతుంది.

నేను మోసపోయిందీ ఇక్కడే. హైదరాబాదు నుంచి ఆదిలాబాదు, నాగపూరు, ఝాన్సీ మీదుగా మనాలి దాకా సగం దిగకముందే ట్యాంకు నింపుకుంటూ వెళ్లాను కనుక లోపం ఒక్కసారి కూడా బయటపడలేదు. మనాలి–లేహ్ దారిలో తండి బంకు దాటితే 365 కిలోమీటర్ల దాకా మరో బంకు లేదని అక్కడి బోర్డు చెప్పేది. ట్యాంకును అడుగంటా వాడక తప్పని మొదటి చోటు అదే. 21 మలుపుల గాటా లూప్స్ మీద బండి ఆగింది. ఫిల్టరు మార్చి, విడి క్యాన్లలో డీజిల్ ట్యాంకులో ఒంపి స్టార్టు చేస్తే నడిచింది, ఫిల్టరే కారణమనుకున్నాను. మరుసటి రోజు మళ్లీ ఆగితే ఫీడ్ పంపు కిట్టు మార్చి, మళ్లీ డీజిల్ పోశాను, మళ్లీ నడిచింది. ఆ రెండుసార్లూ బండిని బాగుచేసింది నా పనితనం కాదు, నేను పోసిన డీజిల్. మరమ్మతు చేసిన ప్రతిసారీ ట్యాంకు నింపే అలవాటు ఈ లోపానికి పెద్ద అండ.

కాబట్టి బండి ఆగిన ప్రతిసారీ ట్యాంకులో చెక్కపుల్ల ముంచి మట్టం కొలిచి, రాసుకోండి. పాత గేజీ మాట నమ్మకండి. మూడుసార్లూ ఒకే మట్టానికి దిగువన ఆగితే వెతకవలసింది ట్యాంకులోనే. తెల్లవారి స్టార్టయి, కొన్ని క్షణాలకే ఆగిపోవడం మరో ఆనవాలు. రాత్రంతా ఆ రంధ్రం గుండా గాలి చేరి, పైపులోని డీజిల్ ట్యాంకులోకి జారిపోయి ఉంటుంది. నిర్ధారణకు ట్యాంకు నుంచి పైపు బయటికి వచ్చేచోట జానెడు పారదర్శక హోసు పెట్టి, ఇంజను వేగం పెంచి చూడండి. అక్కడే బుడగలు కనిపిస్తే హోసునూ క్లిప్పులనూ తిట్టనక్కర లేదు. పరీక్ష కాగానే ఆ హోసు తీసేయండి, డీజిల్‌కు అది గట్టిపడి పగులుతుంది.

బాగు చేయడం

పళ్లెం మరలు విప్పి పైపును మొత్తంగా బయటికి తీయండి. కింది కొనను వేలితో మూసి, బకెట్ నీళ్లలో ముంచి, పై కొన నుంచి సైకిలు పంపుతో గాలి కొట్టండి. బుడగ ఎక్కడ లేస్తే రంధ్రం అక్కడ. దాన్ని పుట్టీతో పూడ్చకండి. ఒకచోట తుప్పు తిన్న పైపు పక్కన కూడా పలచబడే ఉంటుంది, ఊడిన పుట్టీ ముక్క ఫిల్టరు దాకా వెళ్తుంది. అదే లోపలి వ్యాసం ఉన్న కొత్త పైపు తెచ్చి, పళ్లేనికి ఇత్తడితో బ్రేజింగ్ చేయించి, కింది కొనను ఏటవాలుగా కోసి, ట్యాంకు అడుగుకు ఒక అంగుళం పైన ఉండేలా చూడండి. ఇంకా కిందికి దింపితే బురద లాగుతుంది. బిగించే ముందు బకెట్ పరీక్ష మళ్లీ చేయండి. రిటర్నుకు గొట్టం కూడా అదే పళ్లేనికి ఇప్పుడే వేయించుకుంటే ఇంకోసారి విప్పే పని ఉండదు. వెల్డింగు మంటను ట్యాంకు దగ్గరకు తేవద్దు. ఒకప్పుడు పెట్రోల్ నిల్వ ఉన్న పాత ట్యాంకు ఖాళీగా ఉన్నా పేలవచ్చు.

అరుదైన కారణాల గురించి రెండు మాటలు చాలు. ఇంజెక్షన్ పంపు అరిగితే బండి ఎక్కడైనా మొరాయిస్తుంది, ఎత్తు కోసం ఎదురుచూడదు. డీజిల్ గడ్డకట్టడం చలికాలపు సమస్య, జూలైలో దాన్ని తలుచుకోవద్దు.

బయలుదేరే ముందు బండిని ప్రయాణానికి మోయించేంత బరువుతో నింపి, ట్యాంకులో పావు వంతు మాత్రమే ఉంచి, శ్రీశైలం ఘాటు ఒకసారి ఎక్కించండి. వెనుక 20 లీటర్ల క్యాను పెట్టుకోండి, కానీ బండి ఆగితే పుల్ల ముంచి మట్టం రాసుకున్న తరువాతే దాని మూత తీయండి.