బడి మానకుండా ఎం.ఎడ్ చేయొచ్చా? పనిచేస్తున్న టీచర్లకి నాకు తెలిసినంత

ఈమధ్య మా మండలంలో ముగ్గురు నలుగురు ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఇదే అడిగారు, సార్ బడికి వెళ్తూనే ఎం.ఎడ్ చేయొచ్చా, ఎక్కడ కట్టాలి అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను ఎంఏ ఎడ్యుకేషన్ ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దూరవిద్యలో) చేశా, ఉద్యోగం చేస్తూనే.

ముందు ఒకటి తేల్చుకోవాలి, ఎం.ఎడ్ వేరు, ఎంఏ ఎడ్యుకేషన్ వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని డబ్బు కట్టేశాక తెలుసుకుంటారు. టీచర్ కోర్సులకి నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 రెగ్యులేషన్స్ వచ్చాక ఎం.ఎడ్ రెండేళ్లయింది, నాలుగు సెమిస్టర్లు, రోజూ కాలేజీకి వెళ్లి చదివే కోర్సు. బీఎడ్‌లో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి సడలింపు ఉంటుంది. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రాలో ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి. అటెండెన్స్ థియరీకి 80 శాతం, ఫీల్డ్ వర్క్‌కి 90 శాతం అడుగుతారు. అంటే బడిలో సంతకం పెడుతూ ఇది చేయడం కుదిరే పని కాదు, సెలవు మంజూరు చేయించుకుంటేనే కుదురుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. "మీరు రావక్కర్లేదు సార్, అటెండెన్స్ మేం చూసుకుంటాం, పరీక్షలకి వస్తే చాలు" అని చెప్పేవాళ్లు తగులుతారు. నాకు బాగా కావలసిన ఒక టీచరమ్మ అలాగే ఒక కాలేజీలో కట్టింది, రెండేళ్ల తర్వాత సర్టిఫికెట్ చేతికొచ్చింది కానీ అది ఎక్కడ పెట్టాలన్నా భయమే, ఎందుకంటే అవే తేదీల్లో బడిలో ఆమె హాజరు ఉంది, జీతమూ తీసుకుంది. ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల ఎలా ఉందని ఎవరైనా అడిగితే జవాబు లేదు. దయచేసి ఆ దారిలో వెళ్లకండి, కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం అది.

బడి వదల్లేని వాళ్లకి నేను చెప్పేది ఎంఏ ఎడ్యుకేషనే. ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటారు, బీఎడ్ కూడా అక్కర్లేదు. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు టైమ్ ఇస్తారు, మనలాంటి వాళ్లకి ఆ నాలుగేళ్ల వెసులుబాటే పెద్ద ఊరట. జనవరిలో, జూలైలో అడ్మిషన్లు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో రీజనల్ సెంటర్లున్నాయి. ఇప్పుడు ఏ యూనివర్సిటీలో దూరవిద్య కట్టాలన్నా ముందు డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి, యూజీసీ 2024 నుంచి తప్పనిసరి చేసింది, దానికి ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) కావాలి కాబట్టి అది ముందు చేసుకోండి. వేరే యూనివర్సిటీ అయితే ఆ కోర్సుకి ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ డెబ్ సైట్లో మీ కళ్లతో చూసుకోండి, ఏజెంట్ చూపించే కాగితం నమ్మకండి.

గవర్నమెంట్ టీచర్లయితే ఫీజు కట్టకముందే డిపార్ట్‌మెంట్ పర్మిషన్‌కి హెచ్ఎం ద్వారా అప్లికేషన్ పెట్టండి, దాని కాపీ మీ దగ్గర ఉంచుకోండి, కోర్సు పూర్తయ్యాక సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ చేయించుకునేటప్పుడు మొదట అడిగేది అదే.

మార్కుల సంగతి. ఇగ్నోలో పీజీ పాస్ మార్కు 40 శాతమే, దాంతో చాలామంది పాసైతే చాల్లే అనుకుంటారు. కానీ బీఎడ్ కాలేజీలో లెక్చరర్ పోస్టుకైనా, ఎడ్యుకేషన్ సబ్జెక్టులో యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయడానికైనా అడిగేది 55 శాతం (నెట్‌కి రిజర్వేషన్ వాళ్లకి 50). కాబట్టి మొదటి రోజు నుంచే 60 లక్ష్యంగా పెట్టుకోండి. అసైన్‌మెంట్లకి 30 శాతం వెయిటేజీ ఉంది, అక్కడ నిదానంగా, సొంత చేత్తో, మీ బడి ఉదాహరణలు పెట్టి రాస్తే ఆ మార్కులు చివర్లో కాపాడతాయి. షాపులో దొరికే రెడీమేడ్ జవాబులు కాపీ కొట్టారంటే పరీక్షలో చేయి ఆడదు.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇంగ్లీషు భయం ఉంటుంది, ఇగ్నోలో ఇంగ్లీషు, హిందీ మాత్రమే. నేనేం చేశానంటే పియాజే, వైగోట్‌స్కీ లాంటి మనోవిజ్ఞానవేత్తల పాఠాలు ముందు బీఎడ్ తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి అర్థం చేసుకుని, తర్వాత ఇగ్నో బ్లాక్ (పాఠాల పుస్తకం) చదివేవాణ్ణి, అప్పుడు ఇంగ్లీషు అడ్డం రాలేదు. బ్లాకులన్నీ ఇగ్నో వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో ఫ్రీగా పీడీఎఫ్‌లున్నాయి. తెల్లవారుజామున గంట చాలు, సాయంత్రం బడి నుంచి వచ్చాక చదవడం నావల్ల కాలేదు. పరీక్షలు జూన్, డిసెంబర్లలో. జూన్ పరీక్షలు సరిగ్గా బడులు తెరిచే రోజుల్లో పడతాయి, డిసెంబర్ వాటికి సీఎల్స్ (క్యాజువల్ లీవులు) కావాలి, దసరాలోపే అన్నీ వాడేసుకోకండి.

ఇక డిసర్టేషన్, అంటే సొంతంగా పరిశోధన చేసి రాసే నివేదిక. ఎం.ఎడ్‌లో తప్పనిసరి, ఎంఏలోనూ ప్రాజెక్టు ఉంటుంది. దీన్ని చూసి అందరూ భయపడతారు గానీ టీచర్‌గా పనిచేసేవాళ్లకి అసలు లాభం ఇక్కడే. "ఉపాధ్యాయుల వైఖరి ఒక అధ్యయనం" లాంటి అరిగిపోయిన టాపిక్ వద్దు. మీ క్లాసులో రోజూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేదే తీసుకోండి. నా క్లాసులో తండా పిల్లలున్నారు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. 12 ని 5 తో గుణించమంటే చేసేస్తారు, అదే "ఒక్కో బుట్టలో పన్నెండేసి మామిడికాయలు, ఐదు బుట్టల్లో ఎన్ని" అంటే సార్ కూడాలా గుణించాలా అని అడుగుతారు. ఎన్నేళ్లుగానో లెక్కలు రావట్లేదని తిట్టుకున్నా. ప్రాజెక్టు కోసం అవే లెక్కలు అంకెల్లో ఒకసారి, మాటల్లో ఒకసారి ఇచ్చి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి చూస్తే చాలామంది ఆగింది "పన్నెండేసి"లోని ఆ "ఏసి" దగ్గర. ఆ మాటకి అర్థం వాళ్లకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ తర్వాత లెక్క చెప్పే ముందు పంచి చూపించడం మొదలుపెట్టా.

స్టాటిస్టిక్స్‌కి సగటు, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), టి-టెస్ట్ (రెండు సగటుల తేడా నిజమైనదేనా అని చూసే పరీక్ష) వస్తే ఇలాంటి ప్రాజెక్టుకి సరిపోతుంది, ఎక్సెల్ చేసిపెడుతుంది. పాత థీసిస్‌లు ఎలా ఉంటాయో శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లో చూడండి, రెండు మూడు చదివితే చాప్టర్లు ఎలా విడగొట్టాలో తెలుస్తుంది. హెచ్ఎం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, పిల్లల పేర్లు ఎక్కడా రాయకండి. డేటా మాత్రం ఫిబ్రవరిలోపు తీసేసుకోండి, మార్చిలో టెన్త్ ఇన్విజిలేషన్ పడుతుంది, ఏప్రిల్ ఆఖరి వారం దాటితే పిల్లలు మళ్లీ జూన్‌లోనే దొరుకుతారు.